ముద్ర లేని ప్రభువు

రేవనకొండ దుర్గాన్ని శత్రువు చుట్టుముట్టి నూటపది దినాలైంది. తూర్పు వాగు మొదలు పడమటి లోయ వరకు ఎటు చూసినా వారి డేరాలే. కోటలో గాదెలు అడుగంటి, గుర్రాలకు పెట్టవలసిన ఉలవలు మనుషులు ఉడికించుకొని తింటున్న ఆ వేసవి మధ్యాహ్నాన, సేనాని దాచమ నాయకుడు సింహద్వారపు బురుజుపై నిలిచి తన ప్రభువు రాకకై ఎదురుచూస్తున్నాడు.

కామదేవరాజు పది దినాల క్రితం మంత్రి గుండయ ప్రెగ్గడను వెంటబెట్టుకొని, సామంతుల సాయం కోరడానికి శత్రువు కన్నుగప్పి వెళ్ళాడు. వెళ్ళేముందు ప్రెగ్గడ ఒక మెలిక పెట్టాడు. పొరుగు కోట రాజవేషం వేసినవాడికి తలుపు తీసి కూలింది గనుక, రాజముద్రిక చూపినవారికే ద్వారం తెరుస్తానని సేనాని ఒట్టు వేయాలన్నాడు. నిండు కొలువులో దాచమ కత్తి పట్టి ఒట్టు వేశాడు. ఇరవై ఏళ్ళుగా మాట తప్పనివాడని అతని కాలికి రాజు తొడిగిన గండపెండేరమంటే అతనికి ప్రాణం. ప్రెగ్గడకు ఆ సంగతి బాగా తెలుసు.

ఎండలో ఒంటరి రౌతు ఒకడు దూసుకొచ్చి ద్వారం ముందు ఆగాడు. ముఖమంతా నెత్తురు. ప్రెగ్గడ శత్రువుతో కలిశాడనీ, నిద్రలో ముద్రిక కాజేశాడనీ, తలుపు తీయమనీ అరిచాడు. వెనుక శత్రువులు వస్తున్నారు గాని, ఒక్క గుర్రాన్ని లోపలికి రానిచ్చి గడియ వేయడానికి వ్యవధి ఉంది. దాచమ ఆ గొంతు గుర్తుపట్టాడు. గుర్తుపట్టలేదని తనకు తాను చెప్పుకున్నాడు.

రాజమాత సూరాంబ పరుగున బురుజెక్కింది. "అది నా కొడుకు గొంతు, నాయకా. తెరిపించు."

"ముద్ర లేనిదే తెరవనని ఆ ప్రభువుకే మాట ఇచ్చాను తల్లీ."

ఆ మాట ముగిసేలోపే శత్రువుల ఈటెలు కామదేవరాజును ద్వారానికి ఆనించి పొడిచాయి. అతని అరచేయి కాసేపు తలుపును తడుతూనే ఉంది.

అప్పుడు ప్రెగ్గడ తీరిగ్గా గుర్రంపై వచ్చి, వేలి ముద్రిక పైకెత్తి చూపాడు. "సేనానీ, ముద్ర ఇదిగో. ఇక నీ ఒట్టు నిలుపుకో."

 దాచమ వంగి గండపెండేరం ఊడదీసి సూరాంబ పాదాల ముందుంచాడు.

"తల్లీ, ఇప్పుడు తప్పబోయే మాటను అరగడియ ముందు తప్పి ఉంటే నీ బిడ్డ బతికేవాడు. నీ బిడ్డను చంపింది వాళ్ళు కాదు, నా గొప్ప."

ద్వారం పక్కనున్న చిన్న దిడ్డి తలుపు తీయించుకొని ఒంటరిగా బయటికి నడిచాడు. తానే వచ్చి పిలిచినా తెరవవద్దని భటులకు ఆజ్ఞ ఇచ్చే వెళ్ళాడు. ఒక్కడు వస్తాడని ఊహించని ప్రెగ్గడ కత్తి దూయకముందే తెగిపడ్డాడు. బాణాలు ఒంట్లో దిగుతుండగా దాచమ రాజు దేహాన్ని దిడ్డి దాకా ఈడ్చుకొచ్చి అక్కడే కూలబడ్డాడు. తలుపు మాత్రం తట్టలేదు.

ఆజ్ఞ తలచుకొని భటులు కదల్లేదు. సూరాంబ వాళ్ళను తోసుకొచ్చి తానే గడియ లాగింది. శత్రువులు తేరుకొని దిడ్డి మీద పడేలోపే ముందు కొడుకును, తర్వాత సేనానిని తన చేతులతో లోపలికి లాక్కొని గడియ వేసింది. అప్పటికే దాచమ ప్రాణం పోయింది.

ఇద్దరికీ ఒకే చితి పేర్చారు. ఒక భటుడు గండపెండేరం తెచ్చి దాచమ కాలికి తొడగబోతే సూరాంబ ఆపింది.

"అది విప్పాకే నా కొడుకు దగ్గరికి పోయాడు. అలాగే పోనీయండి."