కొంచెం వంగు

దర్జీ పని చేసే ఆ అక్కకి చిన్నప్పటి నుంచీ వెన్ను కాస్త పక్కకి ఒరిగి ఉండేది. నలభై దాటాక ఆ ఒరుగుడే గూనైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఎడమకాలు మొద్దు. వీధిలో అందరూ కొడవలక్క అనేవాళ్ళు. ఆవిడా నవ్వేసేది. కొడవలికి పదునుంటుంది జాగ్రత్త అంటూ కత్తెర ఆడించేది.

ఎక్స్‌రే చూసిన పెద్ద డాక్టరు ఏదీ దాచలేదు. వెన్నుపూసలకి స్క్రూలు బిగించి, అటూ ఇటూ కడ్డీలు పెట్టి నిలబెడతానన్నాడు. కాళ్ళు పడిపోయే ప్రమాదం కొంత ఉందన్నాడు. అంతా బాగా జరిగినా నడుం మాత్రం ఇక వంగదనీ, కిందపడ్డది తీసుకోవాలంటే మోకాళ్ళు మడవాల్సిందేననీ చెప్పాడు. అక్క వెనకాడింది. చెల్లెలే ధైర్యం చెప్పి చేర్పించింది.

పొద్దున మొదలైన ఆపరేషన్ సాయంత్రం దాకా సాగింది. మెలకువ వచ్చాక డాక్టరు కాలివేళ్ళు ఆడించమన్నాడు. ఆడాయి. చెల్లెలు కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ముసురు పట్టింది. గదిలో మసక వెలుతురు, మందుల ఘాటు, తడిసిన దుమ్ము వాసన. చెల్లెలు కుర్చీలో కునికిపాట్లు పడుతోంది. అక్క వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తోంది. అప్పుడు వినిపించింది... ఊపిరి. తనది కాదు. వీపుకీ పరుపుకీ మధ్య నుంచి వస్తోంది. సన్నగా, ఇరుకులో చిక్కుకున్నట్టు.

"కొంచెం వంగు..."

నర్సుని అడిగితే నొప్పి మందుకి అలా ఏవేవో వినబడతాయంది. చెల్లెలితో చెబితే, ఇన్నాళ్ళూ వంగి వంగి అలవాటైన ప్రాణం కదా అని నవ్వి దుప్పటి సర్దింది.

ఆ తర్వాత నడక నేర్పే అమ్మాయి వచ్చి, నడుముకి పట్టీ కట్టి నిలబెట్టింది. అక్క చెల్లెలికంటే బెత్తెడు ఎత్తు తేలింది. ఇన్నేళ్ళకి ఎదుటి మనిషి కళ్ళలోకి తిన్నగా చూసింది. ప్రాణం లేచొచ్చింది.

ఒక్క అడుగు వేసింది. వీపు మీద బరువు పడింది. ఎవరివో రెండు మోకాళ్ళు పక్కటెముకల్ని నొక్కాయి.

"వంగు... జారిపోతున్నాను."

గాయమంతా భగ్గుమంది. మంచం మీద కూలబడింది. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక, చెల్లెలు అటు తిరిగి తువ్వాలు పిండుతుంటే, అక్క పెదాలు కదిలీ కదలకుండా గొణిగింది.

"నా వల్ల కాదు. లోపల ఇనుం పెట్టారు. ఇంకెక్కడికైనా పో..."

బరువు దిగింది. అంతే... చెల్లెలు ఉలిక్కిపడి భుజం తడుముకుంది. ఏంటో చలిగా ఉందంది.

ఇంటికొచ్చాక గాయం మానింది. అక్క ఆయాసం లేకుండా మెట్లెక్కింది. కుట్టుమిషన్‌ని ఎత్తు బల్ల మీద పెట్టించుకుని, నిటారుగా కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. ఆ గొంతు మళ్ళీ వినబడలేదు. పీడ విరగడైందనుకుంది.

ఒక సాయంత్రం గుండీల డబ్బా చేయి జారింది. నువ్వుండక్కా అంటూ చెల్లెలు వంగింది. అన్నీ ఏరింది. కానీ లేవలేదు.

"ఏమైందే?"

"ఏం లేదక్కా. ఇలా ఉంటేనే హాయిగా ఉంది."

అక్క మెల్లగా చెల్లెలి వెనక్కి వెళ్ళి చూసింది. చెల్లెలి రెండు చేతుల్లోనూ గుండీలున్నాయి. వీపు మీద జాకెట్టు మాత్రం ఎవరో గుప్పిళ్ళతో పట్టుకున్నట్టు ముడుచుకుపోయింది.

"దాన్ని వదిలెయ్," అంది అక్క. "రా... నా మీదికే రా."

వంగబోయింది. కడ్డీలు వంగనివ్వలేదు.

జాకెట్టు ముడతలు ఇంకాస్త బిగిశాయి. కుడిభుజం దగ్గర ఒక పిడికిలి. ఎడమభుజం దగ్గర ఒకటి.

నడుం దగ్గర ఇంకోటి... చాలా చిన్నది.