బొత్తాం ఆడనన్న ఆట

మా టైలర్ షాపు వెనక సందులో ఓ మేడ ఉంది. అద్దెకి దిగినవాళ్ళు నెల తిరక్కుండానే సామాను సర్దేసేవాళ్ళు. ఎందుకని అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళు. మరీ గుచ్చి అడిగితే ఒకటే మాట — పైగదిలో ఎవరో ఆడుకుంటున్నారు... మెట్ల మీద ఏదో దొర్లుతోంది... రెండేళ్ళుగా ఆ ఇల్లు ఖాళీ.

నేను ఆ షాపులో ఇస్త్రీ చేస్తాను. పొద్దస్తమానం వేడిలో మాడేదాన్ని, నాకు దెయ్యమేంటి నా మొహం అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ సందు మలుపు దాకా వెళ్ళి చుట్టూ తిరిగి ఇంటికి పోతున్నా. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా మాస్టారు చెప్పింది చెప్పినట్టు చెప్తాను.

మాస్టారు కటింగ్ చేస్తారు. ఒంటరి మనిషి, షాపు మీద గదిలోనే మకాం. ఆయనకున్నదల్లా బొత్తాం — తెల్లటి బొచ్చుకుక్క, గుండ్రటి నల్ల ముక్కు. పక్క బల్ల మీద కాజాలు కుట్టే ఆయన మాస్టారికి చిన్నప్పటి నేస్తం. ఇద్దరూ ఒకరి డబ్బాలో అన్నం ఒకరు తినేవాళ్ళు.

బొత్తానికి ఒకటే ఆట. దారం చుట్టే పాత చెక్క రీలు ఒకటి ఉండేది. పళ్ళకి గుచ్చుకోకుండా దానికి నీలం గుడ్డ చుట్టి, అంచులు కాజా కుట్టుతో కుట్టి ఇచ్చింది ఆ నేస్తమే. పని వేళల్లో అది ఆయన సొరుగులో, తాళం కింద ఉండేది. సాయంత్రం ఆరింటికి సొరుగు చప్పుడైతే చాలు, బొత్తాం ఎగిరి గంతేసేది. మాస్టారు విసరడం, అది తేవడం. మేమంతా ఇంటికి పోయినా ఆ ఆట అయ్యేది కాదు.

ఓ మంగళవారం మాస్టారు లైనింగు గుడ్డ కొనడానికి వెళ్ళొచ్చేసరికి బొత్తాం లేదు.

రెండు రోజులు వెతికారు. కాజాల ఆయన పని మానుకుని మరీ వెంట తిరిగాడు. టార్చి పట్టుకుని, "బొత్తాం... బొత్తాం..." అని గొంతు పోయేలా పిలిచాడు. చూసి నాకు కళ్ళు చెమర్చాయి. నేస్తమంటే ఇలా ఉండాలి అనుకున్నా. నా బుర్ర తగలెయ్య.

మూడో రోజు పొద్దున షట్టరు ముందు కూర్చుని ఉంది బొత్తాం. మాస్టారు దాన్ని వాటేసుకుని ఏడ్చేశారు. సాయంత్రం రీలు అడిగితే, "సొరుగులోనే ఉండాలి... కనపడట్లేదురా" అన్నాడు కాజాల ఆయన. సరే, ఇంకో రీలు తీసి విసిరారు మాస్టారు.

అది కదల్లేదు. రీలు కేసి చూడనే లేదు — మాస్టారి చేతికేసి చూసింది. తర్వాత తోక ముడుచుకుని బల్ల కిందకి దూరింది. మర్నాడూ అంతే. పశువుల డాక్టరు నోరు తెరిపించి చూశాడు, కాళ్ళు నొక్కి చూశాడు. పన్ను నొప్పి లేదు, కీళ్ళ నొప్పి లేదు, ముసలితనమూ కాదు. "ఆటంటే భయపడేలా ఏదో జరిగుంటుంది" అన్నాడు.

"ఆ మేడ గాలి సోకింది. ఎవరికైనా ఇచ్చెయ్యరా" అని రోజూ చెవినిల్లు కట్టుకుని పోరు పెట్టాడు కాజాల ఆయన. మూడు వారాలకి మాస్టారికీ మనసు విరిగిపోయింది. "నన్ను కాదనుకుంది చెల్లెమ్మా. ఆదివారం ఇచ్చేస్తాను" అన్నారు నాతో.

శనివారం చీకటి పడగానే కరెంటు పోయింది. మాస్టారు టార్చి పట్టుకుని, బొత్తాన్ని చివరిసారి తిప్పుకొద్దామని సందులోకి తీసుకెళ్ళారు. మేడ గేటు దగ్గర అది ఆగిపోయింది. లాగినా రాలేదు. చెవులు నిక్కబొడుచుకుని పైకి చూస్తోంది...

లోపల్నుంచి — టక్.

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ — టక్... టక్... టక్... మెట్ల మీంచి ఏదో ఒక్కో మెట్టూ దిగుతోంది. తెరిచున్న గుమ్మం దాటి, దొర్లుకుంటూ వచ్చి మాస్టారి చెప్పుకి తగిలి ఆగింది.

నీలం గుడ్డ చుట్టిన రీలు.

తాళం వేసిన సొరుగులోంచి కనపడకుండా పోయిన రీలు అది; ఆ తాళంచెవి కాజాల ఆయన దగ్గరే ఉండేది. మాస్టారు పైకెక్కారట. పైగది తలుపుకి బయట గడియ పెట్టి ఉంది. తుప్పు పట్టిన గడియ, రెండు చేతులా లాగితే గానీ రాలేదు. లోపల ఎవరూ లేరు. తలుపు లోపలి వైపు, కుక్క ముందు కాళ్ళు అందేంత ఎత్తులో... చెక్క పేళ్ళు లేచేలా గీతలు.

కరెంటు వచ్చేసరికి మాస్టారు షాపులో ఉన్నారు. నేను ఆఖరి ప్యాంటు మడత పెడుతున్నా. ఆయన రీలు తెచ్చి కాజాల ఆయన బల్ల మీద పెట్టారు.

కాజాల ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నల్ల కోటు కుట్టిన ప్రతిసారీ కాజాల్లో దాని తెల్ల వెంట్రుకలే... సూదితో ఒక్కోటీ పీకలేక చచ్చాను. ఎన్నిసార్లు చెప్పినా నవ్వావు. ఆ మేడ పైగదిలోకి రీలు విసిరాను, అది పరిగెత్తింది, గడియ పెట్టాను."

"నాతో కలిసి పిలిచావు కదరా. రెండు రోజులు."

"రెండో రోజు సాయంత్రం విడిచిపెడదామనే వెళ్ళాను." గొంతు తగ్గించాడు. "ఒట్టు. గడియ పెట్టినట్టే ఉంది. లోపల... రీలు దొర్లుతున్న చప్పుడు. కుక్క పరిగెడుతోంది. మళ్ళీ ఎవరో విసురుతున్నారు. సన్నగా నవ్వు... నాకు భయమేసింది. వచ్చేశాను."

"దాన్ని అక్కడే వదిలేసి."

"భయమేసిందిరా."

"మరి దానికి?"

నేనే ఉండబట్టలేక అడిగాను: "అయితే గడియ తీసిందెవరు?"

"నేను కాదు" అన్నాడు కాజాల ఆయన.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "ఎవరైతేనేం చెల్లెమ్మా. ముప్ఫై ఏళ్ళ నేస్తం గడియ పెట్టాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు తీశారు." అప్పుడు వచ్చింది ఆయనకి ఏడుపు. ఆదివారం కుక్కని ఎవరికీ ఇవ్వనని, రేపట్నుంచి కాజాల ఆయన్ని రావద్దని చెప్పారు.

ఆ మాటలు జరుగుతుండగానే బొత్తాం బల్ల కిందనుంచి లేచింది. మూడు వారాల్లో మొదటిసారి తోక ఊపుతూ గుమ్మం దాకా వెళ్ళింది. ముందు కాళ్ళు నేలకి ఆనించి, నడుం పైకెత్తి, ఎవరో ఏదో విసరబోతుంటే నిలబడ్డట్టు నిలబడింది. నేను వెళ్ళి బయటికి చూశాను.

వీధిలో ఎవరూ లేరు. బొత్తాం మాత్రం పరుగందుకుంది.