వెనక వరసలో డాక్

యోనాస్ మెడకు బిగుసుకున్నది హార్డ్ డ్రైవ్ కేబుల్. ఆ సంగతి అతను గుర్తుపట్టే ఉంటాడు. బతుకంతా వాటితో గడిపినవాడు మరి!

కార్ వాష్‌లో కారు మెల్లగా ముందుకు జరుగుతోంది. నాలుగు వైపులా బ్రష్షులు గిరగిరా తిరుగుతున్నాయి. అద్దాల నిండా నురగ. వెనక సీట్లో ఉన్న శశికాంత్ ముందు సీటుకి మోకాలు తన్నిపట్టి కేబుల్‌ని ఇంకో మెలిక తిప్పాడు. యోనాస్ బూట్లు డాష్‌బోర్డును టపటపా తన్నాయి. చేయి వెనక్కి వచ్చి శశికాంత్ చెంపను గోళ్లతో చీరింది. నీళ్లు ఆగి, ఆరబెట్టే గాలి మొదలయ్యేసరికి ఆ చేయి వాలిపోయింది. కారు తళతళా మెరుస్తూ టెక్సాస్‌లోని ప్లేనో ఊరి ఎండలోకి వచ్చింది.

పక్క సీట్లో బ్యాగ్ ఉంది. అందులో డ్రైవ్‌లు కాపీ చేసే ఖరీదైన యంత్రం. శశికాంత్ దాన్ని నేలకేసి కొట్టి, బూటుతో తొక్కి, ఫోన్ తీశాడు.

"గుర్రం నీళ్లు తాగింది."

"దాణా?" అవతల ఢిల్లీ నుంచి వీరభద్రరావు. డెస్క్ నైన్ అనే రహస్య విభాగానికి చీఫ్.

"తొక్కేశాను సార్."

"గుడ్. ఇక వాళ్లకి షాపే గతి. మన ల్యాబ్ పంపిన పీస్ చేరిందా?"

"చేరింది సార్. షెల్ఫ్‌లో ఉంది."

"మళ్లీ చెబుతున్నా. డ్రైవ్ నాశనం కావాలి. మనిషి సంగతి తర్వాత."

శశికాంత్‌కి ఒళ్లు మండింది. ఆ మనిషి డాక్టర్ మల్లికార్జునరావు. నలభై ఏళ్ల క్రితం కాకినాడ నుంచి టెక్సాస్ వచ్చి స్థిరపడిన ఇంజనీర్. రిటైరయ్యాక డెస్క్ నైన్ కోసం ఒక ప్రోగ్రామ్ రాశారు. యుద్ధ విమానం శత్రువు రాడార్‌కి కనిపించకుండా చేస్తుందట. కాపీ ఉంటే బయటికి పొక్కుతుందని ఒకే ఒక డ్రైవ్‌లో దాచుకున్న చాదస్తపు మనిషి. ఆయన పాస్‌వర్డ్ లేకుండా కంప్యూటర్‌కి తగిలిస్తే ఆ డ్రైవ్ తనను తాను తుడిచేసుకుంటుంది. రహస్యాలు కొని అమ్మే క్రెగర్ ముఠా పది రోజుల క్రితం డ్రైవ్‌నీ, ఆయన్నీ కలిపి ఎత్తుకుపోయింది.

పాస్‌వర్డ్ ఆయన చెప్పలేదు. అందుకని ముందు కంప్యూటర్ ప్రమేయం లేకుండా కాపీ తీసి, ఆ కాపీ మీద తాళం పగలగొట్టాలని క్రెగర్ ప్లాన్. ఆ పనికి అతను పిలిపించిన నిపుణుడే యోనాస్. కొనేవాళ్ల విమానం ఈ సాయంత్రమే. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసే టైం లేదు. డ్రైవ్‌లు గుచ్చి, క్లోన్ బటన్ నొక్కితే కాపీ తీసే డాకింగ్ స్టేషన్, అంటే డాక్, స్టాకున్న షాపు ప్లేనో మొత్తానికి ఒక్కటే. అందులో సేల్స్‌మన్‌గా శశికాంత్ చేరి వారమైంది.

ల్యాబ్ వాళ్లు పంపిన డాక్‌లో సోర్స్, టార్గెట్ అనే లేబుళ్లు తారుమారు చేసి ఉన్నాయి. బటన్ నొక్కితే అసలు డ్రైవ్ కొత్తదాని మీదికి ఎక్కదు. ఖాళీ డ్రైవే అసలు దాన్ని తుడిచిపెట్టేస్తుంది. అడాప్టర్‌లో ట్రాకర్.

చీఫ్‌కి అక్కడితో పని అయిపోయింది. శశికాంత్ లెక్క వేరు. కాపీ సవ్యంగా పడితే ఆ పెద్దాయనతో ముఠాకి అవసరం తీరుతుంది, తలలో తూటా దిగుతుంది. డ్రైవ్ చెరిగిపోతే మాత్రం ప్రోగ్రామ్ మిగిలేది ఆయన తలలోనే. ఆ తలను ఏ వెధవా పేల్చుకోడు. షెల్ఫ్ మీద నుంచి ఏ డబ్బా కదిలిందన్న దాని మీద ఒక ముసలాయన ప్రాణం ఆధారపడి ఉంది.

తెల్లటి విగ్గు, చొక్కా కింద దిండు పొట్ట, చెంప మీద బ్యాండ్ ఎయిడ్, షాపు ఏప్రాన్ మీద 'మోహన్' అని బ్యాడ్జి. ఆ వేషంలో కౌంటర్ వెనక నిలబడ్డ శశికాంత్, తలుపు తోసుకుని వచ్చినావిడను చూసి బ్యాడ్జి సర్దుకున్నాడు.

పద్మిని! నల్లకళ్లద్దాలు, సిల్క్ స్కార్ఫ్, ఎర్రటి హీల్స్. ఒకప్పుడు డెస్క్ నైన్ ఏజెంట్. జెనీవాలో రెండేళ్లు శశికాంత్‌కి భార్యగా నటించింది. అతను మాత్రం మొదటి నెల తర్వాత నటించడం మానేశాడు. ఆమె తమ రహస్యాలు క్రెగర్‌కి అమ్ముతోందని తెలిసిన రోజున అతని భుజంలో తూటా దింపి వెళ్లిపోయింది.

ఆమె బ్యాడ్జి చదివి నవ్వింది. "తెలుగువారా అంకుల్?"

జెనీవా తూటా కూడా అంత నొప్పి పెట్టలేదు.

"అవునమ్మా," అన్నాడు గొంతు బొంగురు చేసి. "ఏం కావాలి?"

"హార్డ్ డ్రైవ్ డాక్. మా వారికి. కంప్యూటర్ లేకుండా కాపీ అవ్వాలట."

"అయితే ఒక్క డ్రైవే పట్టే ఈ సింగిల్ బే వద్దు. ఈ రెండు బేల్ది కూడా వద్దు, దీనికి కంప్యూటర్ ఉండాల్సిందే. మీకు కావల్సింది ఇదిగో, ఇది. రెండు డ్రైవ్‌లూ పెట్టి ఈ బటన్ నొక్కి పట్టుకోండి. నాలుగు లైట్లూ వెలిగితే కాపీ అయిపోయినట్టే."

"పెద్ద డ్రైవ్‌లు తీసుకుంటుందా? పాత మోడల్స్ సగమే చూస్తాయట కదా."

"త్రీ టీబీ దాకా చూస్తుంది. కొత్త డ్రైవ్ మాత్రం పాతదానికంటే చిన్నది కాకూడదమ్మా. చిన్నదైతే మొరాయిస్తుంది."

"సరే, వన్ టీబీది కొత్తది ఒకటి ఇవ్వండి."

షెల్ఫ్‌లో ఆ మోడల్ డబ్బాలు ఒకదాని వెనక ఒకటి నాలుగున్నాయి. శశికాంత్ అన్నిటికంటే ముందున్నది తీసి, చొక్కా చేత్తో దుమ్ము తుడిచి, ఆమె ముందు పెట్టాడు. "ఇది తీసుకెళ్లండి. మంచి పీస్."

క్రెగర్ ఆమెనే పంపుతాడని ఊహించి, ల్యాబ్ పంపిన డబ్బాను ముందే అన్నిటికంటే వెనక పెట్టాడు. దాన్ని చేతికిస్తే పద్మిని ముట్టుకోదు. పాల ప్యాకెట్ కొన్నా, చివరికి ఆఫీసులో పిస్టల్ తీసుకున్నా వెనక వరస దాకా చేయి దూర్చి మరీ తీసుకునే మనిషి. ముందున్నది షాపువాడు అంటగట్టాలని చూసేదే అని గుడివాడలో వాళ్లమ్మ నేర్పిన పాఠం. గూఢచారి శిక్షణలో ఎన్నో అలవాట్లు పోయాయి గానీ అది పోలేదు. విడిపోయిన ఈ రెండేళ్లలో పోయి ఉంటే?

పద్మిని ముందు డబ్బా చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. చంకలో పెట్టుకుంది.

రెండడుగులు వేసి ఆగింది. "మూల నొక్కుకుపోయింది అంకుల్."

"లోపల బానే ఉంటుందమ్మా."

"అందరూ అలాగే అంటారు." డబ్బా పక్కన పెట్టేసి, మిగతావాటిని జరిపి, భుజం దాకా చేయి దూర్చి చివరిది లాగింది. "ఇది బిల్ వేయండి."

"అన్నీ ఒకటేనమ్మా," అని సణిగాడు శశికాంత్.

ట్రాకర్ ఊరి చివర రెండంతస్తుల ఇంటికి దారి చూపించింది. పెరటి గేటు దగ్గర కాపలావాడు సిగరెట్ వెలిగించుకోబోతున్నాడు. శశికాంత్ పూలమొక్కల పక్కనున్న పార తీసి అడ్డంగా ఊపి కొట్టాడు. పుర్రె పగిలిన చప్పుడు పక్కింటి గడ్డి కోసే మెషీన్ హోరులో కలిసిపోయింది.

పక్క తలుపులోంచి గరాజ్‌లోకి దూరి, వాటర్ హీటర్ వెనక నక్కాడు. మల్లికార్జునరావును కుర్చీకి కట్టేసి ఉన్నారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండు వేళ్లు విరిగి వేలాడుతున్నాయి. పనిబల్ల మీద డాక్. రెండు లైట్లు వెలిగాయి. చాలాసేపటికి మూడోది. ఆ ముసలాయన మూలుగు వింటూ కదలకుండా కూర్చోవడం కంటే కష్టమైన పని శశికాంత్ ఎన్నడూ చేయలేదు.

నాలుగో లైటు వెలిగింది.

"థాంక్యూ డాక్టర్," అని క్రెగర్ పిస్టల్‌ని ఆయన కణతకు ఆనించాడు. కాపీ ఎలా పడిందో చూసుకునే ఓపిక కూడా లేదు ఆ రాక్షసుడికి!

శశికాంత్ చేతులు పైకెత్తి బయటికొచ్చాడు. "పేల్చుకో క్రెగర్! రెండు డ్రైవ్‌లూ ఖాళీ. మిగిలింది ఆ తలకాయ ఒక్కటే."

విగ్గు, పొట్ట అలాగే ఉన్నా గొంతు మాత్రం అసలుది. పద్మిని మొహం పాలిపోయింది. ఒక్క అంగలో వెళ్లి కాపీని ల్యాప్‌టాప్‌కి తగిలించింది. తర్వాత అసలు డ్రైవ్‌ని తగిలించింది.

"ఖాళీ," అంది.

"ఈ డాక్ ఎవరు కొన్నారు?" నెమ్మదిగా అడిగాడు క్రెగర్. జవాబు కోసం ఆగలేదు. తూటా పద్మిని కడుపులో దిగింది.

శశికాంత్ దూకాడు. డాక్ అందుకుని క్రెగర్ మూతి మీద కొట్టాడు. పళ్లు రాలాయి. పిస్టల్ మళ్లీ పేలి శశికాంత్ తొడను చీల్చుకుపోయింది. అతను పడుతూ మళ్లీ కొట్టాడు. ఈసారి ముక్కు చితికింది. వెనక్కి తూలుతున్న క్రెగర్ కాళ్లకు మల్లికార్జునరావు కుర్చీతో సహా అడ్డం పడ్డారు. క్రెగర్ వెల్లకిలా కూలాడు. జారిన పిస్టల్ శశికాంత్ చేతికి చిక్కింది. రెండు తూటాలు ఛాతీలో, ఒకటి నుదుట.

పద్మిని బల్లకు ఆనుకుని కూర్చుని ఉంది. స్కార్ఫ్ నిండా రక్తం.

"వెనకది నువ్వే పెట్టావా?"

"నేనే."

"నా అలవాటు ఇంకా గుర్తుందన్నమాట," అంది. కోపంగా కాదు. దాదాపు సంతోషంగా. ఆ మాటతోనే పోయింది. శశికాంత్ షాపు ఏప్రాన్ విప్పి ఆమె మొహం మీద కప్పాడు. ఆమెను చంపింది తనే అనిపించింది. అది నిజమే కూడా.

ఫోన్ మోగింది.

"డ్రైవ్?" అన్నాడు చీఫ్.

"చెరిగిపోయింది సార్."

"మల్లికార్జునరావు?"

"బతికే ఉన్నారు."

"అయితే ఇక ఆయనే మన ప్రోగ్రామ్. సేఫ్ హౌస్, ఇద్దరు డాక్టర్లు, రాత్రీపగలూ గార్డులు. ఆయనకి దగ్గు కూడా రాకూడదు!"

శశికాంత్ కుంటుతూ వెళ్లి కట్లు కోశాడు. మల్లికార్జునరావు విరిగిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని, ఒంటికన్నుతో శవాలకేసి చూశారు.

"బాబూ, ఆ ప్రోగ్రామ్ పని చేయదు."

"ఏంటి అంకుల్?"

"పోయిన నెలే తప్పు పట్టుకున్నాను. అది పెడితే విమానం రాడార్‌కి ఇంకా బాగా కనిపిస్తుంది. మొదట్నుంచీ తప్పే, సరిదిద్దడానికి లేదు. మీ చీఫ్‌కి చెబుదామనుకునేలోపే వీళ్లొచ్చి పడ్డారు. ఆ ఫోన్ ఇలా ఇవ్వు."

శశికాంత్ పద్మిని మీద కప్పిన ఏప్రాన్ వైపు ఒకసారి చూశాడు. ఫోన్ స్విచాఫ్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

"అది అద్భుతమైన ప్రోగ్రామ్ అంకుల్. పని చేస్తుందని అందరూ నమ్మినన్నాళ్లే మీ ప్రాణానికి కాపలా. మీకు ఎనభై ఏళ్లొచ్చేదాకా అది అద్భుతంగానే ఉండాలి."

మల్లికార్జునరావు ఫోన్ కోసం చాచిన రెండో చేతిని వెనక్కి తీసుకున్నారు.

"తొంభై చేసుకుందాం," అన్నారు.