జనరల్ క్రౌడర్ గొంతులో నది

కాన్సస్‌లో జూన్ నెలలో భోజనాల వేళకి కూడా ఎండ పోదు. ఆ సాయంత్రం మా సైనిక స్థావరంలో జనరల్ లైమన్ క్రౌడర్‌కి విందు. భుజం మీద హోదా గుర్తుగా నాలుగో నక్షత్రం వచ్చింది, వియత్నాం యుద్ధానికి వెళ్తున్నాడు. ఆయన సహాయకుణ్ణి కాబట్టి, కెప్టెన్ వెండెల్ అనే నేనూ వెంట వెళ్లాలి. కిటికీల్లోంచి కోసిన గడ్డి వాసన, బల్ల మీద కాల్చిన గొడ్డుమాంసం వాసన.

నెబ్రాస్కాలో పందులు మేపుకునేవాడి కొడుకు ఆయన. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదివాడు, రెండు యుద్ధాలు చేశాడు. మొదటి నక్షత్రం మాత్రం కొరియాలో ఒక నది తెచ్చిపెట్టింది. పడవలు వచ్చేదాకా ఆగుదామని కిందివాళ్లు బతిమాలినా వినకుండా, పైవాళ్ల మెప్పు కోసం ఒక కంపెనీని, అంటే వందమందికి పైగా సైనికుల్ని, మంచునీళ్లలోకి తోలాడు. ఒక్కడూ ఒడ్డెక్కలేదు. విందుల్లో మాత్రం అది వీరగాథ.

"ఆ నది కథ చెప్పకపోతే మాకు ముద్ద దిగదు సార్!" అన్నాడు కల్నల్ స్టబ్స్.

జనరల్ లేచాడు. "నా కుర్రాళ్లు... ఒక్కడు జంకితే ఒట్టు!"

అప్పుడే గుప్పుమంది కంపు. కుళ్లిన బురద, నానిన ఉన్ని, చచ్చిన చేప.

ఆయన భార్య వెర్నా నా చెయ్యి పట్టుకుంది. "నీకూ వస్తోందా?" అంది గుసగుసగా.

"వస్తోంది మేడమ్. ఎక్కణ్ణుంచి?"

"ఆయన నోట్లోంచి. ఈ కథ చెప్పినప్పుడల్లా రాత్రి పక్కంతా బురదే, గుడ్డలు ఉతకలేక చస్తున్నా."

జనరల్ దగ్గాడు. రుమాల్లో నల్లటి నీళ్లు... మళ్లీ దగ్గాడు. పళ్లెంలో మాంసం మీద జిగట బురద పడింది. అందులో వెంట్రుకలు. పొట్టిగా కత్తిరించిన సైనికుల వెంట్రుకలు.

అందరూ చూశారు. చూసి, తలలు వంచుకుని తమ మాంసం కోసుకున్నారు.

ఆయన గొంతు పట్టుకుని నావైపు తిరిగాడు. "లాగవోయ్..."

పెదాల మధ్య సన్నటి గొలుసు. సైనికుల మెడలో పేరు బిళ్ల ఉండే గొలుసు. వేళ్లతో దాని కొస పట్టుకున్నాను. లాగాను. వచ్చింది. జారుడుగా, వెచ్చగా... ఇంకా వచ్చింది. ఆగిపోయింది.

లోపల్నుంచి ఎవరో లాగారు.

నా వేళ్లు ఆయన పళ్లు దాటి పోయాయి. చల్లటి చెయ్యి ఒకటి వాటిని పట్టుకుంది. బతిమాలుతున్నట్టు... కెవ్వుమని విడిపించుకున్నాను. గొలుసు సర్రున లోపలికి పోయింది.

జనరల్ మూతి తుడుచుకున్నాడు. ఐస్‌క్రీం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. సిద్ధమేగా?"

"నేను రాను సార్," అన్నాను.

ఆయన నావైపు చూడనైనా లేదు. ఆయన అడిగింది నన్ను కాదు.

బిగించిన బొత్తాల కింద, ఆయన పొట్టలోంచి, ఎన్నో గొంతులు ఒక్కసారిగా అన్నాయి.

"యస్ సర్!"