ఎనిమిది టన్నులు ఎక్కువ

నాంపల్లిలోని ఆ ఇంట్లో ఆ పొద్దున కూడా పాలు పొంగాయి, నల్లా వచ్చింది, వైశాలి ఆస్పత్రికి టిఫిన్ కట్టింది. ఆమె తమ్ముడు వెంకీ లారీ డ్రైవరు. పది రోజుల కిందట ఘాట్ దిగుతుంటే బ్రేకులు పడక లారీ బండను గుద్దింది. డాక్టర్లు ఎడమ కాలు మోకాలి దాకా తీసేశారు. ఆ లారీ వైశాలి భర్త ప్రహ్లాద్‌దే.

క్యారియర్ పక్కన ఆమెకో కాగితం కనబడింది. ఓనరుకు తెలియకుండా నేనే ఎక్కువ సిమెంటు ఎక్కించుకున్నానని రాసి, కింద వెంకీ సంతకానికి జాగా విడిచారు.

"గిదేంది?" అని భర్తను నిలదీసింది.

"ఎనిమిది టన్నులు ఎక్కువుందని తేలింది. నేను ఎక్కించిన్నంటే బీమా రాదు, బండి పోతది. వాడే ఎక్కించుకున్నడంటే..."

"కేసు వాని నెత్తిన పడ్తది! కాలు పోయింది సాలదా మీకు?"

"నాకేమన్న సరదానా? రూలు ప్రకారం పదహారు టన్నులే ఏస్తే కిరాయి డీజిల్‌కే సాలదు. నేనొద్దంటే పక్కోడు ఇరవై ఏస్తడు, వాని పక్కోడు ఇరవై నాలుగు. అందరు గట్లనే ఏసి రేటు ముంచిన్రు."

మాటకేం, నిజమే. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుండే బేరమది. బరువుకు బండి కుంగకుండా చక్రాల మీది స్ప్రింగు కమాన్లకు అదనపు పట్టీలు వేయించిన రోజు, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చింది వైశాలే. బ్రేకుల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. అది గుర్తొచ్చి ఆమె కాగితాన్ని మళ్లీ క్యారియర్ పక్కనే పెట్టేసింది.

కాగితం జేబులో పెట్టుకున్న ప్రహ్లాద్, క్యారియర్ పట్టుకున్న వైశాలి అబిడ్స్ మీదుగా ఆటోలో ఆస్పత్రికి వెళ్లారు. వార్డులో నీళ్లు పట్టుకొస్తున్న వైశాలి, తమ్ముడి గొంతు విని తెర ఇవతలే ఆగిపోయింది.

"పెన్నియ్యి బావా, ఫికర్ చెయ్యకు. బ్రేకు సరిగ్గ పడ్తలేదని ఫోన్ జేస్తే ఏం కాదు దిగమన్నవు సూడు, గది అక్కకు గూడ చెప్పలే."

అయ్యో తమ్ముడా! వైశాలి నీళ్ల సీసా కింద పెట్టింది. తెర తీసేసరికి ప్రహ్లాద్ మంచం పట్టె పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"నేనే దిగమన్న, వైశాలీ. నేనే."

"నాకు చెప్తే ఏమొస్తది? స్టేషన్‌ల చెప్పుండ్రి. నేను గూడ వస్త."

"వద్దక్కా," వెంకీ గాభరాపడ్డాడు. "బండి పోయి, బావ లోపలికి పోతే మీ ఇల్లెట్ల నడుస్తది?"

వైశాలి ఏడుస్తూ వాడి తల నిమిరింది. "ఇన్ని దినాలు నీ కాళ్ల మీదనే నడిచింది గదరా," అంది.