తొలి మలుపు సంతకం

ఆ పూట గాలికొండ ఘాట్ నెత్తిన ఆగిన మూడో నడకిల్లు అది. దిగుడు మొదలయ్యే చోట తనంతట తానే పక్కకు జరిగి, "బ్రేకు పట్టు తగ్గింది. మనిషి చెయ్యి కావాలి," అని చెప్పి ఊరుకుంది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

సముద్రం ఒడ్డు ఊళ్లను తినేశాక సగం జిల్లా ఇలాంటి చక్రాల ఇళ్లలోనే కాపురం ఉంటోంది. ఇంటిని నడిపేది గతికాపరి అనే యంత్రం. దారి చూస్తుంది, వేగం చూస్తుంది, పిల్లలు నిద్రపోతే కుదుపు తగ్గిస్తుంది. బ్రేకు సంగతి తేల్చే పని మాత్రం మనుషులకే వదిలారు. ఘాట్ డ్రైవర్ల పాత కట్టుబాటే చట్టమైంది: బ్రేకు కట్టినవాళ్లు, బాగుందని సంతకం పెట్టినవాళ్లు తొలి మలుపు దాటేదాకా ముందు సీట్లలో కూర్చోవాలి. పెద్ద కంపెనీలకు ఒక సందు ఉంచారు. దాని పేరు దూరసంతకం. ఆఫీసులో కూర్చుని వేలు నొక్కితే చాలు.

బ్రేకులు కట్టే నూకరత్నం పక్కనున్న తన షెడ్డులోంచి వచ్చి ఇంటి కిందికి దూరింది. వెనక చక్రం దగ్గర, బ్రేకు గొట్టం కీలు మీద వెంట్రుకంత బీట. ఆ బీట ఆమెకు కొత్త కాదు. మూడేళ్ల కిందట లోయలోంచి పైకి లాగిన తన ఇంటి ముక్కల్లో చూసింది. లోపమున్న ఇళ్లను వెనక్కి రప్పించే మరుపిలుపును కంపెనీ అప్పట్లో వాయిదా వేసింది. వానలు వెళ్లాక పిలుద్దాం, ఈలోగా నడవొచ్చు అని నాలుగు వేల నూటపన్నెండు ఇళ్లకు ఒకే మనిషి దూరసంతకం పెట్టాడు. వానలు వెళ్లాయి, పిలుపు రాలేదు. ఆ ఇంటితో దిగిన ఆమె భర్త కనకారావూ తిరిగి రాలేదు. ఆమె బ్రేకు పని నేర్చుకుని ఇక్కడ షెడ్డు వేసింది. కిందికి దిగేవాళ్లెవరైనా ఈ దారినే పోవాలి.

బయటికొచ్చి గతికాపరి పలక మీద యజమాని పేరు చదివింది. చక్రధర్. ఆ దూరసంతకం కింద ఉన్న పేరు.

బాగుందని ఒక్క మాట అంటే చాలు, మిగతాది లోయ చూసుకుంటుంది. కానీ అలా అంటే తానూ ఎక్కాలి. షెడ్డు గుమ్మంలో ఆమె ఐదేళ్ల కూతురు తరుణి కూర్చుని ఉంది.

"ఏదో పట్టీ బిగించి వదిలెయ్యమ్మా," అన్నాడు చక్రధర్, ఇంట్లోంచి దిగివచ్చి. "సంతకం నేనే పెడతాను, నాకు అధికారం ఉంది. ఈ కీలు సంగతి నాకు తెలుసు."

"తమరికి తెలుసనీసి నాకూ తెలుసు బావూ. పెట్టండి." పలక అతని చేతికిచ్చింది. "పెట్టీసి ముందు సీట్లో కూకోండి. నాను కట్టలేదు కాబట్టి నాకు సీటు లేదు."

"దూరసంతకానికి కూర్చోనక్కర్లేదు."

"దూరంగా ఉన్నోళ్లకి గదా అది. తమరు ఇక్కడే ఉన్నారు. కనకారావుకి పెట్టినట్టే పెట్టండి."

"కనకారావు ఎవరు?"

"తమరి సంతకం మీద దిగినోడు. నా పెనిమిటి."

చక్రధర్ రోడ్డు వైపు చూశాడు. బొటనవేలు పలక దాకా వెళ్లి ఆగింది. కిటికీలోంచి అతని భార్య, "ఏమండీ, పెట్టకండి," అంది.

"బయమేస్తందా?" అని అతన్ని అడిగింది నూకరత్నం.

"వేస్తోంది."

"గట్టిగా అనండి. పలకకి ఇనబడాల."

అన్నాడు. కాలినచోట చన్నీళ్లు పడ్డట్టయింది నూకరత్నానికి.

విన్నది పలక ఒక్కటే కాదు. ఇళ్లన్నిటి గతికాపరులకూ జ్ఞాపకం ఒకటే. ఒకే కీలు, ఒకే మనిషి, రెండు మాటలు: అప్పుడు నడవొచ్చని, ఇప్పుడు భయమని. అతని పాత సంతకాలు ఇక చెల్లవని తేల్చాయి. నాలుగు వేల పైచిలుకు ఇళ్లు ఎక్కడివక్కడ మెల్లగా నిలిచిపోయాయి. ఘాట్ మీద వెనక పది, ఆ వెనక ఇరవై. నూకరత్నం నవ్వింది.

పలక ఇంకా చెబుతోంది: "విడుదలకు కొత్త కీలు వెయ్యాలి. తొలి మలుపు దాకా కట్టిన మనిషి, పాత సంతకం మనిషి కూర్చోవాలి. ఈ ఘాట్ మీద కట్టే మనిషి ఒక్కరే."

ఆమె నవ్వు ఆగిపోయింది.

వరసలో నెలలు నిండిన మనిషి ఉన్న ఇంటికి మొదట కొత్త కీలు వేసింది. ఇద్దరూ ఎక్కారు. మలుపు దగ్గర ఇల్లు ఒరిగినప్పుడు చక్రధర్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె ఒక్కో వేలూ ఊడదీసింది.

"నన్ను పట్టుకోకండి. మావోడికి పట్టుకోడానికి ఎవులూ లేరు."

మలుపు దాటాక దిగి నడిచి పైకి వచ్చేసరికి, తర్వాతి ఇంటి ముందు సీట్లో తరుణి సీటు పట్టీ బిగించుకుని కూర్చుని ఉంది.

"దిగవే," అంది నూకరత్నం.

"దిగను. నాన్న ఎల్లి రాలేదు. నువ్వెక్కితే నానూ ఎక్కుతాను."

తల్లి లాగింది. పిల్ల పట్టీని రెండు చేతులా పట్టుకుంది. కట్టినవాళ్లకో సీటు, సంతకానికో సీటు అడిగిన గతికాపరి, ఈ మూడో మనిషి గురించి ఏమీ అనలేదు.

నూకరత్నం లాగడం ఆపింది. చక్రధర్ వైపు తిరిగింది. "సూడండి. తమరి సంతకం మీద ఇప్పుడు నా గుంట కూకుంది."

అతను ఆమె చేతిలోని టార్చి తీసుకుని, ఇస్త్రీ చొక్కాతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని ఇంటి కిందికి జరిగాడు.

"కీలు ఎక్కడో చూపించమ్మా."

నూకరత్నం పక్కనే పడుకుంది. "ఇదిగో. సంతకం పెట్టిన ఏలుతోనే తడిమి సూడండి."