చాందినీ బార్‌లో ఆఖరి చరణం

పరుగు!

పౌల్‌రాజు వెనక్కి చూడడు. చూస్తే అయిపోయినట్టే.

బిష్టుపూర్ బజారు. చాందినీ బార్ వెనక సందు. చీకటి... బురద... కాలు జారి మోకాలు గోడకి కొట్టుకుంటుంది. అయినా ఆగడు. చొక్కా నిండా నెత్తురు. తనది కాదు. తవిటయ్యది!

పాట మధ్యలో బయటికొచ్చి ఇప్పుడే చూశాడు. వెనక తలుపు దగ్గర ఆగి ఉండాల్సిన రిక్షా పక్కకి ఒరిగి ఉంది. దాని పక్కనే రిక్షా తొక్కే తవిటయ్య, తల పగిలి. లేపబోతే చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మాస్టరుగారూ... బలరామ్ ఈడే ఉన్నాడు... పాపని ఇటు రానీకండి!"

అంతే. ఆ మాటతోనే ప్రాణం పోయింది.

పాప అంటే జయకుమారి. పౌల్‌రాజు చెల్లెలు. చాందినీ బార్‌లో పాడుతుంది. పౌల్‌రాజు అక్కడే బ్యాండ్ మాస్టర్. నిన్న రాత్రి మేడమీద గదిలో బార్ ఓనరు గణపతిరావు ఒక కూలీ మేస్త్రీని గొంతు నులిమి చంపుతుంటే ఆ పిల్ల కళ్లారా చూసింది.

రేపు పొద్దున్నే పోలీసులకి చెప్తానంది. వద్దంటే వినలేదు. గణపతిరావుకి అనుమానం రాకూడదని ఈ రాత్రి మామూలుగానే పాడుతోంది. ఆ ప్లాన్ పౌల్‌రాజుదే. పాట అవగానే వెనక తలుపు... తవిటయ్య రిక్షా... నది దాటితే మాంగో బస్తీ, అక్కడ పాస్టరుగారి ఇల్లు.

గణపతిరావుకి తెలిసిపోయింది! అందుకే తన గూండా బలరామ్‌ని పంపాడు.

వెనక అడుగుల చప్పుడు ఆగిపోతుంది.

బతికాననుకుంటాడు పౌల్‌రాజు. ఒక్క క్షణం. సిగ్గులేని ప్రాణం!

మరుక్షణం అర్థమవుతుంది. బలరామ్‌కి కావాల్సింది తను కాదు! వాడు మళ్లీ వెనక తలుపు దగ్గరికే వెళ్లాడు. వాడి దగ్గర పిస్తోలు ఉంది. ఇందాక తీశాడు, పేల్చలేదు. పేలిస్తే సందంతా లేస్తుంది.

బార్ కిటికీలోంచి జయ గొంతు వినిపిస్తోంది. రెండో చరణం.

ఇంకొక్క చరణమే!

మలుపు తిరుగుతాడు. మెయిన్ రోడ్డు. డ్యూటీ దిగిన జనం, సైకిళ్లు, రిక్షాలు. ఉక్కు కార్ఖానా వైపు ఆకాశం ఎర్రగా ఉంది. పాన్ దుకాణం ముందు ఒక కానిస్టేబుల్!

"సిపాయీజీ! ఖూన్ హో గయా! చాందినీ కే పీఛే... జల్దీ చలియే!"

బార్ వెనక హత్య జరిగిందన్నా కానిస్టేబుల్ కదలడు, అతని చొక్కా చూస్తాడు. పాన్ నములుతూనే నవ్వుతాడు.

"పీకే గిరా క్యా? జా, ఘర్ జా."

తాగి పడ్డాననుకుంటున్నాడు! థూ! వీడికి చెప్పడం కంటే గోడకి చెప్పుకోవడం నయం!

మళ్లీ పరుగు. మూడో చరణం మొదలైంది...

చాందినీ బార్ తలుపు తోసుకుని లోపల పడతాడు. పొగ. గ్లాసుల చప్పుడు. దూరంగా స్టేజీ మీద వెలుగులో జయ.

ఎదురుగా గణపతిరావు. తెల్ల పంచె, నోటి నిండా నవ్వు.

"ఏటి మాస్టరూ! బేండు ఇడిసీసి బయట తిరగతన్నారేటి? ఓ గుక్క ఎక్కువయినట్టుంది!"

అంటూనే మెడ చుట్టూ చెయ్యి వేస్తాడు. చూసేవాళ్లకి అది స్నేహం. ఇద్దరు మనుషులు చెరో రెక్కా విరిచి పట్టుకుంటారు.

"జయా! ఎనక తలుపుకెల్లొద్దే! అమ్మా, ఎల్లొద్దు!"

స్టేజీ మీద దీపాలు కళ్లల్లో కొడతాయి. అక్కణ్నుంచి చూస్తే తలుపు దగ్గర మొహాలు కనిపించవు. ఎవరో పెనుగులాడుతున్న నీడలు, అంతే.

డ్రమ్ముల మీద తోమాస్ తలెత్తుతాడు. తలుపు దగ్గర గొడవ!

వెంటనే డ్రమ్ముల మీద విరుచుకుపడతాడు. శాక్సఫోన్ అందుకుంటుంది. హాలు దద్దరిల్లిపోతుంది.

అదీ ఈ బ్యాండ్ పద్ధతి. హాల్లో కొట్లాటైతే వాయిద్యం ఆపకూడదు, ఇంకా గట్టిగా వాయించాలి. తాగేవాడికి సంగతి తెలిస్తే లేచిపోతాడు, మన కూడు పోతుంది. పౌల్‌రాజు దగ్గరుండి నేర్పిన పద్ధతి! భయపడి చెయ్యి ఆపిన వాణ్ణి ఎన్నిసార్లు చెడతిట్టాడో!

"తోమాస్! ఆపరా! ఆపు!"

తన గొంతు తనకే వినబడదు.

జయ పాట ముగించేసింది. దణ్ణం పెట్టి తెర వెనక్కి తిరుగుతుంది. అన్న చెప్పిన మాట జవదాటని పిల్ల!

గణపతిరావు చేతిని కొరుకుతాడు పౌల్‌రాజు. రెక్క తెంచుకోవాలని చూస్తాడు. కడుపులో పిడిగుద్దు! ఊపిరాడదు.

తెర కదులుతుంది... జయ కనిపించదు...

ఢాం!

ఒక్కడూ తల తిప్పడు. ఎవడో ఇంకో గ్లాసు తెమ్మంటున్నాడు. చప్పట్లు... ఈలలు...

గణపతిరావు మెడ మీంచి చెయ్యి తీసేస్తాడు.

"ఇంక ఎల్లండి మాస్టరూ."

ఇద్దరు మనుషులూ పౌల్‌రాజుని వదిలేస్తారు. బల్లలు పట్టుకుని, మనుషుల మీద పడుతూ స్టేజీ వైపు వెళ్తాడు. వాయిద్యం ఆగుతుంది. చెమటలు కక్కుతూ తోమాస్ ఎదురొస్తాడు. చీకట్లో చొక్కా మీది నెత్తురు వాడికి కనబడదు. మెప్పు కోసం మొహం వెలిగిపోతోంది.

"మాస్టరుగారూ! తలుపుకాడ ఎవుడో గొడవెట్టీనాడు. మీరు సెప్పినట్టే వాయించీసినాం. ఒక్కడికీ ఏటీ ఇనపడనేదు!"